సమస్య: గేరు దించువాఁడె గెలుచువాఁడు

పెన్నాతీరం (నిర్వాహకుడు): 1986 నాటి సెగా వారి కారు వీడియోగేమ్ ‘ఔట్‌రన్’ తలపుకొచ్చి తట్టిన పాదం. పూరించండి.

దర్శి దత్తపది:
కొండ దిగెడువేళ ఘోరమౌ మలుపుల
బ్రేకు నమ్ముకొన్న బెదురె మిగులు
దోరనాల ఘాటు తోవ నెఱిఁగినట్టి
గేరు దించువాఁడె గెలుచువాఁడు

కావలి కలం: నడక బాగుంది మాస్టారూ. కానీ ఘాటు రోడ్డులో గేరు దించాలని లారీ క్లీనరుకీ తెలుసు. ఇందులో చిక్కేముంది, విప్పడానికి?

ఒంగోలు గిత్త:
ఎడమ సులువు కుడికి నెంతొ కష్టము గాని
చీలికలందు టైము చేతఁ జిక్క
దారు లయిదు దాఁటి తరుణితో గమ్యాన
గేరు దించువాఁడె గెలుచువాఁడు

దర్శి దత్తపది: రెండో పాదం రెండో గణం ‘కలం’ అట! అక్కడ సూర్యగణం రావాలి, ఇది లఘువు-గురువు. ‘చీలు చోట’ అనుంటే పోయేది. అయినా ఆ ఆటలో అయిదు మజిలీలు దాటుతూ ఎడమో కుడో ఎంచుకునే దారి చీలికకీ గేరుకీ ఏంది సంబంధం?

ఒంగోలు గిత్త: సవరణ తీసుకున్నా.

మైపాడు కెరటం:
తోవ దప్పి యిసుకఁ దూఱు కారునకును
లోకు లాగి మరల హైకు నెట్ట
తగ్గవలయు వడియె తగ్గదు చూడుఁడీ
గేరు దించువాఁడె గెలుచువాఁడు

పెన్నాతీరం: అబయా, ఇదీ నేను కోరింది! ఆ ఆటలో ఉన్నవే రెండు గేర్లు: లో, హై. హైలో నిండు వేగంతో పోతూ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలకుండా లోకు లాగి వెంటనే హైకి నెడితే ఇసుకలోనూ వడి నిలుస్తుంది. లోలో ఉంచేస్తే మాత్రం పడిపోతుంది. చెట్టో బోర్డో తగిలితే ఈ కిటుకూ కాపాడదు, పల్టీయే. మైపాడు బీచిలో సొంత కారుతో చేసేరు, గేరుబాక్సు చేతికొస్తుంది.

కావలి కలం: రెండో పాదంలో యతి ఏదండీ? ‘లో’కి ‘హై’ చెల్లుతుందా?

మైపాడు కెరటం: లోకు, హైకు. రెండో అక్షరం ‘కు’ కలిసింది, ప్రాసయతి. కలం గారు కళ్లజోడు మార్చాలి.

కావలి కలం: సరే, చెల్లింది. మరి ‘చూడుఁడీ’? ఒట్టి పాదపూరణం. ‘తగ్గదు కుదుపులో’ అనండి. రోడ్డు దిగితే ఆ కారు కుదుపుతుందిగా.

మైపాడు కెరటం: ఈ ఒక్కటీ ఒప్పుకుంటా. పద్యం మాత్రం నాదే.