రొమ్ము గడ్డ అల్ట్రాసౌండ్‌ను బట్టి జబ్బు తీవ్రత చెప్పవచ్చా?

కొత్తపేట కోడలు (గుంటూరు):
మా అత్తగారికి సూర్యారావుపేటలో రొమ్ముకు అల్ట్రాసౌండ్ చేయించాము. గడ్డ 24 మిల్లీమీటర్లు ఉందనీ, అంచులు నునుపుగా ఉన్నాయనీ, గడ్డ వెనుక తెల్లగా కనిపిస్తోందనీ, బైరాడ్స్ (క్యాన్సర్ అనుమానం ఎంతో తెలిపే కొలమానం) 4బి అనీ రాశారు. చంకలో ఒక లింఫ్ గ్రంథి పైపొర 4 మిల్లీమీటర్ల మందం ఉందట. బయాప్సీలో క్యాన్సరేనని తేలింది, ఐహెచ్‌సీ (క్యాన్సర్ ఏ రకమో తేల్చే పరీక్ష) ఫలితం ఇంకా రావలసి ఉంది. నునుపు అంచులంటే నెమ్మదైన జబ్బనుకోవచ్చా? ఎలాస్టోగ్రఫీ (గడ్డ గట్టిదనాన్ని కొలిచే స్కాన్) కూడా చేయించాలా?

మాచవరం తమ్ముడు:
మా అక్క రిపోర్టులో గడ్డ అంచులు ముళ్లుముళ్లుగా ఉన్నాయని, వెనుక నల్లని నీడ ఉందని రాస్తే ఇంటిల్లిపాదికీ అన్నం సయించలేదు. తీరా ఆపరేషన్ తరువాత గ్రేడ్ 1 (నెమ్మదైన రకం) అనీ, ఈఆర్ పాజిటివ్ (హార్మోన్ మందులు పనిచేసే రకం) అనీ వచ్చింది. ఇప్పుడు హార్మోన్ మాత్రలు వేసుకుంటూ తన పనులు తాను చేసుకుంటోంది. ముళ్ల అంచులకే అలా ఉంటే, మీవి నునుపు అంచులు. ధైర్యంగా ఉండండి.

స్కానింగ్ గది:
ఈ లెక్క తలకిందులుగా ఉంది. నేను రోజూ ఈ గడ్డలను చూసే రేడియాలజిస్టును కనుక చెబుతున్నాను. నెమ్మదిగా పెరిగే గడ్డ చుట్టూ పీచు కణజాలం పేరుకుంటుంది, ఆ ముళ్లూ నీడా చాలావరకు దానివే. వేగంగా పెరిగే గడ్డకు అంత వ్యవధి ఉండదు, కణాలు కిక్కిరిసి గుండ్రంగా ఉబ్బుతుంది, తరంగాలు సులువుగా దాటిపోవడంతో వెనుక తెల్లగా కనిపిస్తుంది. ట్రిపుల్ నెగటివ్ గడ్డలు (హార్మోన్ గ్రాహకాలైన ఈఆర్, పీఆర్ గాని, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా గాని లేనివి) తరచుగా ఇలాగే కనిపించి ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) అని భ్రమ కలిగిస్తాయి.

మాచవరం తమ్ముడు:
ఐహెచ్‌సీ రాకముందే ఆ ఇంటివారి చెవిన ట్రిపుల్ నెగటివ్ అన్న మాట వేయడం ఏం న్యాయమండీ? మీ అనుభవం మీకు గొప్పే కావచ్చు, ఈ రాత్రి ఆ ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా?

స్కానింగ్ గది:
వారిది అదేనని నేను రాయలేదు, మళ్లీ చదవండి. మంచి ఫలితాలుండే మ్యూసినస్ క్యాన్సర్‌కు కూడా నునుపు అంచులు ఉండవచ్చు. నేను కాదంటున్నది మీరిచ్చిన అభయాన్నే. 2018 నుంచి వాడుకలో ఉన్న స్టేజీ పద్ధతిలో గడ్డ పరిమాణం, గ్రంథులతో పాటు గ్రేడ్, ఈఆర్, పీఆర్, హెర్2 కూడా లెక్కకు వస్తాయి. అంచుల తీరుకు అందులో చోటు లేదు.

పటమట:
మా అమ్మకు ఎలాస్టోగ్రఫీలో 140 కిలోపాస్కల్స్ వచ్చింది. గట్టిదనం ఎంత ఎక్కువైతే జబ్బు అంత ముదిరినట్లేనని అక్కడివారే చెప్పారు. అది తప్పకుండా చేయించండి.

స్కానింగ్ గది:
గట్టి గడ్డలలో గ్రేడ్ ఎక్కువగా ఉండడం, గ్రంథులకు పాకడం ఎక్కువేనన్నది నిజమే. కాని యంత్రం మారినా, ప్రోబ్‌ను (ఒంటికి ఆనించే స్కాన్ పరికరాన్ని) కాస్త గట్టిగా నొక్కినా ఆ అంకె మారుతుంది. బయాప్సీ అయిపోయినవారికి ఆ ఖర్చు ఎందుకు?

పటమట:
ఖర్చు మాది. మా డాక్టరుగారు అవసరమన్నారు.

అరండల్‌పేట:
అంచుల మీద ఇంత వాదించుకుంటూ చంక సంగతి అందరూ వదిలేశారు. నా భార్యకు మొదట స్కాన్ చేసినచోట ప్రోబ్‌ను చంక వైపుకు తీసుకువెళ్లనే లేదు. గ్రంథులు ఉబ్బి ఉన్నాయని తరువాత వేరేచోట చెప్పారు, ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మామూలు గ్రంథి చిక్కుడు గింజ ఆకారంలో ఉండి నడుమ తెల్లని కొవ్వు కనిపిస్తుంది. పైపొర 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించి, స్కాన్‌లో చూస్తూనే సూదితో నమూనా తీస్తారు. కీమో ముందా, ఆపరేషన్ ముందా అన్న నిర్ణయంలో ఆ ఫలితానికి చాలా విలువ ఉంటుంది. అమ్మా, చంక గురించి రాసిన వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఇక్కడ పెట్టగలరా? నడిమి కొవ్వు కనిపిస్తోందని రాశారా, లేదని రాశారా?