కప్పు పిడి పై అతుకు దగ్గరే పగులుతోంది, ఎందుకు?

కుమ్మరి సారె మీద చేసిన కప్పులకు పిడి అతికిస్తే, ఆరేటప్పుడు పై అతుకు దగ్గర సన్నగా పగులు వస్తోంది. కింది అతుకు బాగానే ఉంటోంది. పోయిన నెల పది కప్పుల్లో ఆరు ఇలాగే పోయాయి. చాలా బాధగా ఉంది.

వాడేది స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడిలో కాలి గట్టిపడే రకం), కప్పుకు 400 గ్రాములు. గోడ మందం 4 మిల్లీమీటర్లు, పిడి 9 దాకా ఉంటుంది. మర్నాడు పొద్దున కప్పు అడుగు చెక్కి, తడి చేత్తో లాగిన పిడిని గంటసేపు ఆరనిచ్చి అతికిస్తాను. రెండు వైపులా గీతలు గీకి, అదే మట్టిని నీళ్లతో కలిపి చేసిన జారు ముద్ద, అంటే స్లిప్, రాస్తాను. మూడో రోజు కవర్ తీశాక పగులు కనిపిస్తుంది, అంటే కాల్చకముందే.

స్లిప్‌లో వెనిగర్ కలిపాను. ఫ్యాన్ ఆపేశాను. కవర్ కింద ఐదు రోజులు ఉంచాను. పగులు ఆలస్యంగా వచ్చింది, అంతే. పగిలినచోట స్లిప్ రుద్దితే బిస్క్ కాల్పులో, అంటే మొదటి కాల్పులో, మళ్లీ అక్కడే తెరుచుకుంది.

అంచు ముందే ఆరిపోతోందని, తడిగా ఉన్న పిడి తర్వాత ఎక్కువగా కుంచించుకుపోయి లాగుతోందని నా అనుమానం. పిడి అతికించేదాకా మీరు కప్పు అంచును ఎలా తడిగా ఉంచుతారు?