జపాన్ పురాణాల్లోని అమతెరాసు గుహ కథలోని తాడు గురించి తెలిసినవారు వివరించగలరా?

క్రీ.శ. 712లో పూర్తయిన కొజికి అనే ప్రాచీన జపాన్ గ్రంథంలో, తమ్ముడు సుసానొవో ఆగడాలకు కలత చెందిన సూర్యదేవత అమతెరాసు రాతిగుహలో దాగగా లోకమంతా చీకటి కమ్మిందనీ, బోర్లించిన తొట్టెపై కాళ్లు తాటిస్తూ ఉజుమె అనే దేవత చేసిన నృత్యానికి దేవతలందరూ గొల్లున నవ్వగా ఆ సందడేమిటో చూడాలని ఆమె తలుపు కొద్దిగా తెరిచిందనీ ఉంది. ఆమె వెలుపలికి రాగానే, మళ్లీ లోపలికి వెళ్లకుండా ఫుతొదమ అనే దేవుడు వెనుక ఒక తాడు కట్టాడు.

నా ఆసక్తి అంతా ఆ తాడు మీదే. నేటికీ జపాన్ సంప్రదాయ మతమైన షింటో ఆలయాల ముందూ, పవిత్ర వృక్షాల చుట్టూ తెల్లని కాగితపు మడతలు వేలాడే వరిగడ్డి తాడును, అంటే షిమెనవాను, కడుతున్నారు. ఈ ఆచారం ఆ కథ నుంచే పుట్టిందా, లేక అప్పటికే ఉన్న ఆచారాన్ని కథలో చేర్చారా? జపాన్‌లోని తకచిహొ పట్టణంలో శీతకాలపు రాత్రంతా సాగే 33 అంకాల కగుర అనే దైవారాధన నృత్యాన్ని చూసినవారుంటే, ఈ ఘట్టాన్ని అందులో ఎలా ప్రదర్శిస్తారో దయచేసి తెలియజేయగలరు.