టైల్స్ వేశాక గీజరు గుర్తొచ్చింది: పని మొదలుపెట్టకముందే మొత్తం చూడటం ఎలా?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు):
మా ఫ్లాట్‌లో స్నానాల గది మరమ్మతును నేనే దగ్గరుండి చేయించాను. గోడ టైల్స్ అన్నీ అతికించి గ్రౌట్ కూడా నింపిన తరువాత, గీజరుకు వేడినీటి గొట్టం, కరెంటు పాయింటు పెట్టించలేదని గుర్తుకువచ్చి, కొత్త టైల్స్ ఆరింటిని పగలగొట్టించవలసి వచ్చింది. ఆఫీసులోనూ నాది ఇదే తీరు. పోనీ ముందే అంతా ఆలోచిద్దామని కూర్చుంటే పని మొదలే కాదు. మొత్తం పనిని ముందుగా చూడగలగడం అభ్యాసంతో వచ్చేదేనా?

జవాబు 1 (ఇళ్ల లోపలి పనులు చేయించేవారు, జె.పి. నగర్):
వస్తుంది గానీ, కుర్చీలో కూర్చుంటే రాదండీ. ఖాళీ గదిలో నిలబడి గీజరు, షవరు, అద్దం, తువ్వాలు కొక్కెం ఎక్కడెక్కడ వస్తాయో అసలు కొలతలతో సుద్దముక్కతో గోడమీదే గీయండి. ఆపైన, పొద్దున లోపలికి వచ్చినప్పటి నుంచి స్నానం ముగించి బయటికి వెళ్లేదాకా మీ చెయ్యి దేనికోసం ఎటు చాస్తుందో ఒకసారి నటించి చూడండి. పనుల వరుసను మాత్రం చివరి నుంచి వెనక్కి రాసుకోవాలి: టైల్స్‌కు ముందు వాటర్‌ప్రూఫింగ్, దానికి ముందు గోడలో దాగిపోయే గొట్టాలు, వైర్లు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక కనీసం 24 గంటలు నేలమీద నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటువారి పైకప్పు చూసి రావాలి. ఆ గడప తొక్కడానికి మొహమాటపడి నష్టపోయినవారిని చాలామందినే చూశాను.

జవాబు 2 (గృహిణి, ఆర్.టి. నగర్):
'15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు' అనే ముగ్గుకు మధ్య వరుసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా, వెరసి 15 వరుసల్లో 169 చుక్కలు పడతాయి. ఫ్లాట్ గుమ్మం ముందు ఊరి వాకిలంత చోటు ఉండదు కనుక, మధ్య వరుస ఎక్కడ పడాలో చూసుకోకపోతే చివరి వరుసలు ఎదురింటివారి చెప్పుల స్టాండు కిందికి పోతాయి. అయితే ప్రతి గీతా ఎటు తిరగాలో నేను ముందే ఆలోచించను. చుక్కలు కుదిరితే చాలు, చెయ్యి సాగిపోతుంది. మీరు మొదలుపెట్టలేకపోవడానికి కారణం గీతల గురించి కూడా ముందే ఆలోచించడమేమో.

జవాబు 3 (విశ్రాంత సివిల్ ఇంజనీరు, జయనగర్):
పై ఇద్దరూ చెప్పినది నిజమే, కానీ ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం పిలుపుపై వెళ్లిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు, నగరంలోని నది ఒడ్డుతో సరిపెట్టుకోక, నీరు వచ్చి చేరే ఎగువ ప్రాంతాన్ని పరిశీలించి, అక్కడే జలాశయాలు కట్టాలని సూచించారు. మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మీరు కూడా గోడను చూశారు గానీ, దానిలోకి నీరు ఎక్కడినుంచి వస్తుందో చూసినట్టు లేరు. మీ ఫ్లాట్ ట్యాంకుకు సరిగ్గా కిందనే ఉంటే నీటి ఒత్తిడి తక్కువగా ఉంటుంది. మీరు కొన్న షవరుకు అది చాలుతుందా?

ప్రశ్న అడిగినవారు:
మాది చివరి అంతస్తేనండీ. షవరు ఇంకా బిగించలేదు. రేపు ప్లంబరు రాగానే ముందు ఒత్తిడి చూడమంటాను.