రాణికెట్‌కు (కొక్కెర తెగులుకు) సీరోటైప్ ఒక్కటే కదా, జీనోటైప్ చూసి టీకా మార్చాలా?

హోస్కోటె లేయర్స్:
నమస్తే అండీ. బెంగళూరు చుట్టుపక్కల ఫారాలున్న మనవాళ్ల సలహా కావాలి. మా లేయర్లకు (గుడ్ల కోళ్లకు) రాణికెట్ లైవ్ టీకా లసోటా, చంపిన వైరస్‌తో చేసే కిల్డ్ టీకా రెండూ వేశాం. అయినా పీక్‌లో ఉండగా గుడ్లు తగ్గాయి, తోలుగుడ్లు (గట్టి పెంకు లేనివి) పడుతున్నాయి. చావులు పెద్దగా లేవు. ల్యాబ్‌లో కొక్కెర వైరస్, జీనోటైప్ 13 అని వచ్చింది. టీకాలు అమ్మే ఒకాయన "లసోటా జీనోటైప్ 2, దాని కాలం అయిపోయింది, మ్యాచ్ అయ్యే టీకా వేయండి" అంటున్నాడు. మా డాక్టర్ గారేమో "సీరోటైప్ ఒక్కటే, ఏ టీకా అయినా ఒకటే" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

యలహంక వెట్:
మీ డాక్టర్ గారు చెప్పిన మొదటి సగం నిజం. ఒక స్ట్రెయిన్‌కు (వైరస్ రకానికి) పుట్టిన సీరం (యాంటీబాడీలున్న రక్తరసం) ఇంకో స్ట్రెయిన్‌ను పనిచేయకుండా అడ్డుకుంటే ఆ రెండూ ఒకే సీరోటైప్. కొక్కెర వైరస్‌లన్నీ ఆ లెక్కన ఒకే గుంపు. జీనోటైప్ వేరే లెక్క. వైరస్‌లోని F అనే జన్యువు వరుస ఎంత మారిందో చూస్తారు. 2019లో సవరించిన పద్ధతిలో గుంపుల మధ్య సగటు తేడా 10 శాతం దాటితే వేరే జీనోటైప్. ఆ గీత కోడి రక్తం చూసి గీసింది కాదు. 1946 నాటి లసోటా 13వ జీనోటైప్ వైరస్ మీద కూడా చావుల్ని ఆపగలదు. రిపోర్టులో 13 అని కనపడగానే టీకా మార్చేయడం తొందరపాటు.

మాలూరు రైతు:
డాక్టర్ గారూ, చావులు ఆగితే చాలా? లేయర్ రైతు బతికేది గుడ్ల మీద. పక్షి చావకపోయినా రెట్టలోనూ నోటి నుంచీ వైరస్ వదులుతూనే ఉంటుంది. పక్క షెడ్డులో పుల్లెట్లు (ఇంకా గుడ్లకు రాని పెట్టలు) ఉంటే వాటికి అంటుకుంటుంది. జీనోటైప్ కలిసిన టీకా వేస్తే వైరస్ వదలడం తగ్గుతుందని ఛాలెంజ్ ప్రయోగాల్లోనే (టీకా వేశాక కావాలని వైరస్ ఎక్కించి చూసేవి) చూశారు కదా. ఇంకో మాట. గంబోరో అని కోళ్ల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఇంకో వైరస్ ఉంది, అందులో జబ్బు చేసేదంతా సీరోటైప్ 1. అయినా 1980ల్లో అమెరికాలోని డెలావేర్ ప్రాంతంలో వచ్చిన వేరియంట్లు అదే సీరోటైప్ టీకా వేసిన కోళ్లనూ పట్టాయి. వైరస్ పైపొర ప్రొటీన్ VP2లో కొద్ది మార్పులే అందుకు చాలాయి. "సీరోటైప్ ఒక్కటే" అన్న ధైర్యం అక్కడ నిలవలేదు, ఇక్కడ మాత్రం ఎందుకు నిలవాలి?

యలహంక వెట్:
గంబోరో ఉదాహరణ సరైనదే, అందుకే ఏ వైరస్‌కు ఆ వైరస్‌నే చూడాలంటాను. ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్, కోళ్ల శ్వాస జబ్బు) సంగతి తీసుకోండి. మసాచుసెట్స్ రకం సీరం కనెక్టికట్ రకాన్ని ఆపదని 1956లోనే తేలింది. 2016లో S1 జన్యువును బట్టి ఐబీని 6 జీనోటైప్‌లు, 32 లీనియేజ్‌లుగా (ఉపగుంపులుగా) విడదీశారు. అక్కడ కూడా మసాచుసెట్స్, 4/91 అనే రెండు ఐబీ రకాల టీకాలు కలిపి వేస్తే ఆ రెంటికీ దూరంగా ఉన్న కొన్ని రకాల నుంచీ రక్షణ దొరుకుతోంది. జన్యువులో దూరం, సీరంలో దూరం, షెడ్డులో రక్షణ ఈ మూడూ ఒకే వరుసలో నడవవు.

హోస్కోటె గారూ, మీరు చేయాల్సిన పని ఒకటుంది. అవే సీరం శాంపిళ్లకు హెచ్ఐ (యాంటీబాడీ ఎంతుందో కొలిచే పరీక్ష) రెండుసార్లు చేయించండి, ఒకసారి లసోటా యాంటిజెన్‌తో (పరీక్షలో వాడే వైరస్‌తో), ఒకసారి ఫీల్డు వైరస్ యాంటిజెన్‌తో. ప్లేటులో సీరం ఒక్కో గుంటకు సగం సగం పలచనవుతూ పోతుంది. యాంటీబాడీ ఉన్నంతవరకు ఎర్ర రక్తకణాలు గుంట అడుగున బొత్తాంలా దిగుతాయి. అది చాలని చోట వైరస్ వాటిని పట్టుకుని పలచగా పరిచేస్తుంది. రెండు యాంటిజెన్‌ల మధ్య ఒక గుంట తేడా వస్తే లెక్కలోకి తీసుకోకండి, పరీక్షలో అది మామూలే. చాలా పక్షుల్లో ఒకే వైపు రెండు మూడు గుంటల తేడా వస్తే మాలూరు గారి వాదనకు బలం వస్తుంది.

హోస్కోటె లేయర్స్:
లసోటా యాంటిజెన్‌తో చేసిన రిపోర్టు నా దగ్గర ఉంది. టైటరు (యాంటీబాడీ ఎన్నో గుంట దాకా పనిచేసిందో ఆ అంకె) కొన్నింటికి 9, 10, కొన్నింటికి 3, 4.

దేవనహళ్లి ఫారం:
అన్నా, అంత తేడా ఉంటే నీళ్ల సంగతి చూడండి. మా వైపు ట్యాంకర్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది లైవ్ టీకాను చంపేస్తుంది. లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపాకే టీకా వేయాలి. కోళ్లను ముందు కాసేపు దాహంతో ఉంచి, రెండు గంటల్లోపు మొత్తం తాగేలా చూడాలి. లైను చివర నిపుళ్లకు టీకా నీళ్లు చేరాయో లేదో కూడా చూసుకోండి.

యలహంక వెట్:
నాదీ అదే అనుమానం. 3 టైటరు ఉన్న పక్షిని లసోటాకు మంచి మ్యాచ్ అయిన వైరస్ కూడా పట్టుకుంటుంది. చిన్నప్పుడు గంబోరో తగిలి బర్సా (రోగనిరోధక కణాలు తయారయ్యే అవయవం) పాడైన మందలోనూ టైటర్లు ఇలాగే పడిపోతాయి. ఆ రికార్డు తీయండి. తోలుగుడ్లు ఐబీలోనూ వస్తాయి కాబట్టి ఐబీ పీసీఆర్ కూడా అడగండి.

మాలూరు రైతు:
నీళ్ల లైను సరిచేయమనే నేనూ అంటాను. కానీ 9, 10 ఉన్న పక్షులు కూడా తోలుగుడ్లు పెడుతున్నాయా? పెడుతుంటే దానికి నీళ్లు కారణం కాదు. హోస్కోటె అన్నా, కోళ్ల బోనులకు నంబర్లు ఉంటే ఏ సీరం ఏ బోనుదో చూసి, ఆ పక్షుల గుడ్లు విడిగా రాసి పెట్టండి. రెండో హెచ్ఐ రాగానే రెండూ కలిపి ఇక్కడ వేయండి.