రెండు 3060 గ్రాఫిక్స్ కార్డులకు ఏ ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది? నల్లగొండలో ఎలివేషన్ రెండరింగ్ పని

పానగల్లు

నమస్కారం. నేను నల్లగొండలో ఇంటి దగ్గరే ఇళ్ల ఎలివేషన్లు గీస్తాను. ఆరేళ్లుగా ఇదే పని. మేస్త్రీలు, చిన్న బిల్డర్లు ప్లాను తెచ్చిస్తే స్కెచప్‌లో నిలబెట్టి, బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజన్‌తో రెండర్ చేసి, అంటే ఫోటోలాంటి బొమ్మగా మార్చి ఇస్తాను. బొమ్మల వరకు ఇబ్బంది లేదు. ఈ మధ్య అందరూ వీడియో అడుగుతున్నారు. వెంచర్ వేసిన ఒకాయనకు నిమిషం నిడివి వాక్‌త్రూ చేయాల్సి వచ్చింది. సెకనుకు 24 చొప్పున 1,440 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 3 నిమిషాల 10 సెకన్లు పట్టింది. మొత్తం 76 గంటలు! అంతా అయ్యాక ఆయన చూసి "గేటు రంగు మార్చండమ్మా" అన్నారు. గేటు కనిపించే ఫ్రేములన్నీ మళ్లీ మొదటి నుంచి.

ఇప్పుడున్నవి: రైజెన్ 7 5800ఎక్స్, బీ550 బోర్డు, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ. ఇలాంటిదే ఇంకో 3060 సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని పక్కన పెడదామనుకుంటున్నాను. చేతిలో 30 వేలు ఉన్నాయి. ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే యూనిట్, దాని డబ్బా మీద 650 వాట్లు అని ఉంది. మా ఊళ్లో కంప్యూటర్ కొన్న దుకాణంలో అడిగితే "అదే సరిపోతుంది, రెండో కార్డుకు ఒక కన్వర్టర్ వైరు వేస్తే చాలు" అన్నారు. నాకు మాత్రం భయంగా ఉంది. ఎందుకంటే ఒక్క కార్డుతోనే సాయంత్రం ఏడు దాటాక రెండర్ మధ్యలో రెండు మూడు సార్లు కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. రెండో కార్డు పెడితే ఏమవుతుందో! ఇంకో మాట, క్యాబినెట్‌కు మోచేయి తగిలితే ఒక్కోసారి జిల్లుమంటుంది. చెప్పులు వేసుకుని కూర్చుంటే ఉండదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియదు.

వాడపల్లి సంగమం

రెండు కార్డుల జోలికి వెళ్లకండి. ఉన్నది అమ్మేసి, ఇంకొంచెం డబ్బు కూడబెట్టి పాత 3090 ఒకటి తీసుకోండి. సైకిల్స్‌లో అది రెండు 3060లకు సమానంగా, ఇంకా కాస్త ఎక్కువగానే పనిచేస్తుంది. మెమొరీ 24 జీబీ. ఒకే స్లాటు చాలు. మిర్యాలగూడలో మా స్టూడియోలో అదే వాడుతున్నాం.

పిల్లలమర్రి నీడ

పానగల్లు గారూ, మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ల రిపేరు చేస్తూ నాకు పదిహేడేళ్లు. మీ ప్రశ్నలో మూడు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. విడదీసి చెబుతాను.

ముందు కార్డు సంగతి. ఆ మిత్రుడు చెప్పిన 3090 మంచి కార్డే. కానీ అది ఒక్కటే 350 వాట్లు తింటుంది. పైగా సెకనులో వెయ్యో వంతు సేపు అంతకు చాలా ఎక్కువ లాగి వదిలేస్తుంది. ఆ కుదుపుకు మామూలు ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇంకో చిక్కు, ఆ కార్డు మెమొరీ చిప్పుల్లో సగం వెనక వైపు ఉంటాయి. అక్కడికి ఫ్యాను గాలి చేరదు. మే నెలలో మన గదుల్లో అవి ఎంత కాగుతాయో పాత కార్డులు విప్పిన ప్రతిసారీ చూస్తున్నాను, వేడిని బయటికి లాగే థర్మల్ ప్యాడ్లు నూనె కారి మెత్తబడిపోయి ఉంటాయి.

అయినా మీకు 24 జీబీ అవసరమైతే వేరే దారి లేదు. అందుకే ఒక్క విషయం చూసి చెప్పండి. మీ పనుల్లోకెల్లా బరువైన సీను, అంటే చెట్లు, గడ్డి, కార్లు అన్నీ ఉన్నది, రెండర్ చేస్తూ కార్డు మెమొరీ ఎంత నిండుతోందో గమనించండి. రెండు 12లు పక్కపక్కన పెడితే 24 కాదు. సీను మొత్తం ఒక్కో కార్డులోనూ విడివిడిగా పట్టాలి. మెమొరీ చాలక రెండర్ ఆగిపోతుంటే రెండో 3060 కొన్నా అది అక్కడే ఆగుతుంది. మెమొరీ సరిపోయి ఆలస్యమే బాధ అయితే, రెండో కార్డుతో సమయం దాదాపు సగానికి తగ్గుతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్. డబ్బా మీది అంకె నమ్మకండి. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన స్టిక్కరు చదవండి. ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని ఉంది? ఆ అంకెను 12తో గుణిస్తే వచ్చేదే మీ కార్డుకు, ప్రాసెసర్‌కు నిజంగా అందే కరెంటు. మిగతా గడుల్లో ఎంత రాసినా మనకు ఉపయోగం లేదు. అదే స్టిక్కరు మీద ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు ఉందో కూడా రాయండి.

ఆ కన్వర్టర్ వైరు మాత్రం వద్దు. అది కరెంటు తీసుకునేది హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా ప్లగ్గు నుంచి. ఆ ప్లగ్గు 12 వోల్టుల దగ్గర 54 వాట్ల వరకే మోయగలదు. కార్డు వెనక ఉండే 8 పిన్నుల సాకెట్టు 150 వాట్ల వరకు అడుగుతుంది. ఆ ప్లగ్గు కరిగి హార్డ్ డిస్కుకే అంటుకుపోయిన కంప్యూటర్లు నా బల్ల మీదికి వచ్చాయి.

పానగల్లు

చాలా కృతజ్ఞతలు అన్నా. రెండూ చూశాను. వెంచర్ సీనులో కార్డు మెమొరీ 8.7 జీబీ దాకా వెళ్లింది. అంతకు మించి ఎప్పుడూ చూడలేదు.

స్టిక్కరు చదవడానికి టార్చి వేయాల్సి వచ్చింది. ప్లస్ 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు అని ఉంది. గుణిస్తే 300 వాట్లే వస్తోంది! 650 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులు. మా ఇంట్లో ఏసీకి స్టెబిలైజర్ ఉంది, దాని మీద నిన్న సాయంత్రం ఏడున్నరకు 184 చూపించింది.

పిల్లలమర్రి నీడ

మీ రీస్టార్టుకు కారణం మీరే పట్టుకున్నారు. లెక్క వేద్దాం. మీ ప్రాసెసర్ పూర్తిగా పనిచేస్తే 142 వాట్లు. 3060 ఒకటి 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఒక 70 వేసుకోండి. 382 అయింది. మీ దగ్గర ఉన్నది 300. కార్డు పనిచేసేటప్పుడు ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది. కొత్త ఫ్రేము కోసం ప్రాసెసర్ సీనును సిద్ధం చేసేటప్పుడు, అదే సమయంలో వోల్టేజి 184కు పడితే, 200 కంటే తక్కువకు పనికిరాని ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తుంది. దుకాణం వాళ్లు చెప్పినట్టు దానికే రెండో కార్డు తగిలించి ఉంటే రీస్టార్టుతో పోయేది కాదు.

రెండు 3060లకు లెక్క: 340, 142, 70 కలిపితే 552. మంచి కంపెనీ 750 వాట్లది తీసుకోండి, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం). అసలైన 750లో 12 వోల్టుల దగ్గర 62 ఆంపియర్లు ఉంటాయి, 744 వాట్లు. ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులని ఉండాలి. అప్పుడు మీ 184 దానికి లెక్కలోకే రాదు, ప్రత్యేకంగా స్టెబిలైజరూ అక్కర్లేదు. ఏటీఎక్స్ 3.0 అని రాసి ఉంటే ఇంకా మేలు. 2022లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం క్షణికమైన కుదుపుల్ని, రేటింగుకు రెండింతల దాకా, తట్టుకునేలా తయారు చేస్తారు. రేపు ఎప్పుడైనా పెద్ద కార్డుకు మారినా పనికొస్తుంది. 1,000 వాట్లది మీకు అనవసరం. ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టుకోవచ్చు.

8 పిన్నుల వైర్లు ఎన్ని ఇస్తున్నారో పెట్టె మీద చూసి కొనండి. ఒక్కో కార్డుకు ఒక్కో విడి వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచే రావాలి. ఒకే వైరు చివర రెండు ప్లగ్గులు ఉంటాయి, వాటిని రెండు కార్డులకు పంచకండి.

ఇది చెప్పకుండా ఉండలేను. పాత వైర్లు అమర్చి ఉన్నాయి కదా అని కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు వాటినే తగిలించకండి. డిస్కు వైపు ప్లగ్గు అందరిదీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు మాత్రం ఏ పిన్ను ఏదో ఒక్కో కంపెనీది ఒక్కో రకం. నాలుగేళ్ల కిందట నేనే ఆ తప్పు చేశాను. ఫోటోగ్రాఫర్ ఒకాయన మెషీన్. స్విచ్ వేయగానే టప్ మని చిన్న చప్పుడు, ఉల్లిపొర కాలినట్టు వాసన. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వచ్చింది. రెండు డిస్కులూ పోయాయి. అందులో పదకొండు పెళ్లిళ్లు ఉన్నాయి. ఒక డిస్కు బోర్డు మార్చి డేటా వెనక్కి తేగలిగాను, రెండోది రాలేదు. ఆ రెండో డిస్కులోని పెళ్లిళ్ల వాళ్ల ఇళ్లకు ఆయనతో పాటు నేనూ వెళ్లాను.

చెలకల ఎలక్ట్రీషియన్

దేవరకొండ నుంచి రాస్తున్నాను. కంప్యూటర్ సంగతి నాకు అంత తెలియదు కానీ మోచేతికి జిల్లుమనడం గురించి చెప్పగలను. మీ ప్లగ్గు మూడో పిన్నుకు ఎర్తింగు అందడం లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టరు కెపాసిటర్లు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య నుంచి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్తింగు లేకపోతే బాడీ మీద దాదాపు సగం వోల్టేజి, 110 చుట్టుపక్కల, నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ అదే బాడీకి నిజంగా ఫేజు తగిలిన రోజు ఎర్తింగు లేకపోతే ప్రాణాపాయం. దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి.

సాకెట్టులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టించండి. రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. మన వైపు నేల సంగతి మీకు తెలిసిందే, జానెడు తవ్వితే మొరం, దాని కింద బండ. ఎండాకాలం ఎర్తింగు గుంత ఎండిపోతే ఉన్నా లేనట్టే. ఉప్పు, బొగ్గు వేసిన గుంత అయితే వారానికి రెండు సార్లు రెండు బిందెల నీళ్లు పోయండి. చాలా ఇళ్లలో ఆ గుంత మీద టైల్సు పరిచేసి ఉంటారు, వెతికి తీయాలి.

ఘనపురం కుర్రాడు

అక్కా ప్రశ్నకు అడ్డం వస్తున్నందుకు క్షమించండి. నా దగ్గర కూడా ఒక 3060 ఉంది. ఆటల కోసం ఇంకోటి పెడితే వేగం పెరుగుతుందా?

పిల్లలమర్రి నీడ

పెరగదు తమ్ముడూ. రెండు కార్డులతో ఒకే ఆట నడిపే ఎస్‌ఎల్‌ఐ పద్ధతికి ఎన్‌విడియా 2021 జనవరి 1 నుంచి కొత్త ప్రొఫైళ్లు ఇవ్వడం మానేసింది. 3060కి రెండు కార్డులను కలిపే బ్రిడ్జి పెట్టే చోటే లేదు. ఆ వరసలో 3090, 3090 టీఐలకే ఉంది. రెండర్ పనికి బ్రిడ్జితో అవసరం లేదు, బ్లెండర్ సెట్టింగుల్లో రెండు కార్డులకూ టిక్కు పెడితే చాలు. నువ్వు మాత్రం డబ్బు దాచుకుని ఒకే పెద్ద కార్డు తీసుకో.

పానగల్లు గారూ, సికింద్రాబాద్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ల మార్కెట్) వెళ్లి కార్డు తీసుకుంటే అక్కడే ఇరవై నిమిషాలు పూర్తి లోడు మీద నడిపించి చూడండి. సీరియల్ నంబరు అడిగి వారంటీ ఎప్పటిదాకా ఉందో కంపెనీ సైటులో చూసుకోండి. లావుపాటి మూడు ఫ్యాన్లది వద్దు, రెండు స్లాట్ల మందం ఉన్నదే తీసుకోండి. మీ బోర్డులో రెండు పొడవాటి స్లాట్ల మధ్య దూరం కొలిచి వెళ్లండి. పై కార్డు ఫ్యాన్లకూ కింది కార్డు వీపుకూ మధ్య కనీసం వేలు పట్టేంత సందు లేకపోతే పై కార్డుకు ఊపిరాడదు. బీ550లో రెండో స్లాటు సాధారణంగా చిప్‌సెట్ మీదుగా నాలుగు లేన్లతోనే (డేటా వెళ్లే దారులు) నడుస్తుంది. దానికి దిగులు పడకండి. రెండర్‌లో సీను ఒకసారి కార్డులోకి ఎక్కితే, తర్వాత లెక్కలన్నీ కార్డు లోపలే.

పానగల్లు

అందరికీ చెప్పాలని వచ్చాను. సీటీసీలో రెండు ఫ్యాన్ల 3060 దొరికింది, పదహారున్నర వేలు. వారంటీ ఇంకా ఎనిమిది నెలలుంది. 750 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ తొమ్మిది వేల ఎనిమిది వందలు. పాత వైర్లన్నీ తీసి పక్కన పెట్టి, కొత్త పెట్టెలో వచ్చినవే వేశాను.

ఎలక్ట్రీషియన్ అన్నా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. గుంత మెట్ల కింద సిమెంటు బిళ్ల అడుగున దొరికింది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 41 వోల్టులు చూపించింది. తీగ తుప్పు పట్టి విడిపోయి ఉంది. మార్పించి, నీళ్లు పోశాక ఒకటిన్నరకు దిగింది. ఇప్పుడు చెప్పుల్లేకుండా క్యాబినెట్ మీద చెయ్యి ఆనించి కూర్చున్నా ఏమీ లేదు. మా పాప ఆ బల్ల కిందే ఆడుకుంటుంది. ఆ 41 అంకె చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి రోజు పై కార్డు 83 డిగ్రీలకు వెళ్లింది, కిందిది 69. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ పవర్ లిమిట్ 85 శాతానికి తగ్గించి, క్యాబినెట్ పక్క తలుపు వైపు ఒక ఫ్యాను పెట్టాను. పైది 76 దగ్గర నిలిచింది. ఫ్రేముకు మూడు నాలుగు సెకన్లే తేడా వచ్చింది. గోడ సాకెట్టు దగ్గర మీటరు పెడితే 438 వాట్లు చూపిస్తోంది.

వెంచర్ వీడియో మొన్న రాత్రి 11 గంటలకు మొదలుపెట్టాను. ఈ ఉదయం 6 గంటలకు లేచి చూస్తే 1,112వ ఫ్రేము నడుస్తోంది. నిన్న సాయంత్రం వోల్టేజి 179కి పడింది, ఏసీ ఆగిపోయింది, కంప్యూటర్ ఆగలేదు. పిల్లలమర్రి అన్నా, యూపీఎస్ గురించి అడగడం మరిచాను. ఇప్పుడున్నది 600 వీఏ.

పిల్లలమర్రి నీడ

600 వీఏ అంటే దాదాపు 360 వాట్లు. మీది 438. కరెంటు పోగానే అది కీచుమని అరిచి పడిపోతుంది. ప్యూర్ సైన్ వేవ్‌ది (గోడ సాకెట్టు కరెంటులాగే ఇచ్చేది), 1 కేవీఏకు తగ్గకుండా తీసుకోండి. అది వచ్చేదాకా బ్లెండర్‌లో వీడియో ఫైలుగా కాకుండా ఫ్రేములుగానే, ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా దాచుకోండి. కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క ఫ్రేమే.