పెట్ షాపులో ఇక ప్రాణులను అమ్మడం మానేయాలా?

గాజుతొట్టి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది చిన్న పెట్ షాపు. నాన్న మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఒకప్పుడు ముందు గదిలో కుక్కపిల్లలు, పక్కన బడ్జీలు, లవ్ బర్డ్స్, వెనక గోడ పొడవునా చేపల ట్యాంకులు ఉండేవి. కుక్కపిల్లలను నాన్న చూసుకుంటున్నప్పుడే ఆపేశాం. పక్షులు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చి ఇప్పుడు అసలు లేవు. మిగిలినవి చేపలు, కొన్ని గినీ పిగ్స్.

లెక్క వేస్తే ఈ విభాగం నష్టంలోనే నడుస్తోంది. షాపు మూసిన రోజు కూడా ఎవరో ఒకరు వచ్చి మేత వేయాలి, నీళ్లు మార్చాలి. కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగిపోతుందేమోనని రాత్రంతా టెన్షన్. వచ్చినవాళ్లు చేపలను చూస్తారు, అరగంట సలహా అడుగుతారు, ఫిల్టరు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. తప్పనను, అక్కడ తక్కువకు వస్తుంది.

స్నేహితులేమో ట్యాంకులన్నీ తీసేసి మేత, సామాన్లు, గ్రూమింగ్ పెట్టుకోమంటున్నారు. నాన్నేమో ప్రాణి లేని పెట్ షాపుకి ఎవరొస్తారని అంటున్నారు. రెండూ నిజమే అనిపిస్తోంది. ప్రాణులను అమ్మే షాపులు అన్నిచోట్లా ఎందుకు తగ్గిపోతున్నాయి? మాలాంటి వాళ్లు ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి? ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

---

నాలుగుకాళ్లు:

నేను పశువైద్యురాలిని. కుక్కపిల్లలను ఆపేసి మీ నాన్నగారు మంచి పని చేశారు.

షాపులోకి వచ్చే కుక్కపిల్ల చాలాసార్లు పెద్ద ఎత్తున పిల్లలు పెట్టించే చోట పుట్టి, దళారి చేతులు మారి, తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో ప్రయాణం చేసి వస్తుంది. కుక్కపిల్లకి సుమారు 3వ వారం నుంచి 12, 14 వారాల వరకు చాలా కీలకమైన వయసు. మనుషులు, చప్పుళ్లు, తోటి కుక్కలు వీటన్నిటికీ భయం లేకుండా అలవాటు పడేది అప్పుడే. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని 1965లోనే పుస్తకంలో వివరంగా రాశారు. ఆ వారాలు బోనులో గడిచిపోతే తర్వాత ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చూసినా ఆ లోటు పూర్తిగా తీరదు.

రెండోది జబ్బులు. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పిల్లలను ఒకే గదిలో ఉంచుతారు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. షాపులో గంతులేసిన పిల్ల ఇంటికెళ్లిన నాలుగో రోజు వాంతులతో మా దగ్గరికొస్తుంది. తెచ్చుకున్నవాళ్లు ఏడుస్తూ ఉంటారు, అమ్మినాయనకీ నిజంగానే ఏమీ తెలిసి ఉండదు. మనుషులకీ ముప్పు ఉంది. అమెరికాలో 2016 నుంచి 2018 వరకు షాపుల్లోని కుక్కపిల్లల వల్ల కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా 18 రాష్ట్రాల్లో 118 మందికి సోకింది. అందులో షాపు సిబ్బందీ ఉన్నారు. ఆ బ్యాక్టీరియా మామూలుగా వాడే యాంటీబయాటిక్స్‌కి లొంగలేదు.

చట్టాలు వచ్చింది ఇందుకే. అమెరికాలోని అల్బుకర్కీ నగరం 2006లోనే షాపుల్లో కుక్కలు, పిల్లుల అమ్మకాన్ని నిషేధించింది. కాలిఫోర్నియాలో 2019 నుంచి దిక్కులేని జంతువులను చూసుకునే షెల్టర్లు, రెస్క్యూ సంస్థల నుంచి తెచ్చిన కుక్కలు, పిల్లులు, కుందేళ్లే షాపులో ఉండాలన్నారు. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ 6 నుంచి లూసీ చట్టం అమల్లోకి వచ్చింది. ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లికూనలను మధ్యవర్తులు అమ్మకూడదు. కొనేవాళ్లు పెంచినవాళ్ల దగ్గరికే వెళ్లాలి, పిల్లను తల్లితో కలిపి చూడాలి. లూసీ అంటే 2013లో వేల్స్‌లోని ఒక పప్పీ ఫామ్ (అలా పెద్ద ఎత్తున పిల్లలు పెట్టించే చోటు) నుంచి బయటపడిన చిన్న స్పానియల్ కుక్క. ఫ్రాన్స్ 2024 జనవరి నుంచి, న్యూయార్క్ రాష్ట్రం అదే ఏడాది డిసెంబర్ నుంచి షాపుల్లో కుక్కలు, పిల్లుల అమ్మకాన్ని ఆపేశాయి.

---

పాతబోను:

డాక్టరు గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ షాపు మూస్తే అమ్మకం ఆగదు, ఫోన్‌లోకి వెళ్తుంది. మా చెల్లెలు ఒక ప్రకటనలో కుక్కపిల్ల ఫొటో చూసి అడ్వాన్స్ పంపింది. తర్వాత రవాణా ఖర్చు అన్నారు, ఆ తర్వాత టీకా సర్టిఫికెట్‌కి ఇంకొంత అన్నారు. ఆఖరికి నంబరు పనిచేయలేదు. అదే ఫొటో ఇంకో ప్రకటనలో వేరే పేరుతో కనిపించింది. షాపు అయితే కనీసం తలుపు తట్టడానికి ఒక చోటు ఉంటుంది, తనిఖీ చేయడానికీ ఉంటుంది. ఫ్రాన్స్ అదే చట్టంలో ఆన్‌లైన్ ప్రకటనల మీద కూడా ఆంక్షలు పెట్టింది. మిగతా చోట్ల కూడా ఆ రెండోది జరగాలి.

---

మొప్పలు:

గాజుతొట్టి గారూ, మీ పోస్టు చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను చాలా ఏళ్లు ఒక షాపులో చేపల విభాగం చూశాను. ఇప్పుడక్కడ ఆ విభాగం లేదు.

ప్రాణుల అమ్మకం ఒక కారణంతో తగ్గలేదు. కుక్కల సంగతి డాక్టరు గారు చెప్పారు. పక్షులకు వచ్చేసరికి సరఫరాయే ఆగింది. అమెరికాలో 1992లో అడవి పక్షుల దిగుమతిని కట్టడి చేసే చట్టం వచ్చింది. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, 2005లో, యూరోపియన్ యూనియన్ తాత్కాలికంగా ఆపిన దిగుమతిని 2007లో శాశ్వతంగా ఆపేసింది. ఆఫ్రికన్ గ్రే చిలుకను 2016లో వన్యప్రాణుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. అది ఆగాల్సిన వ్యాపారమే. నలభై ఏళ్లు బతికే, మనిషి తోడు లేకపోతే తన ఈకలు తానే పీక్కునే పక్షిని గంటలో నిర్ణయం తీసుకుని కొనుక్కెళ్లేవాళ్లు. ఒకప్పుడు లండన్‌లోని హారడ్స్ అనే పెద్ద దుకాణంలో 1969లో సింహం పిల్లనే అమ్మారు. ఆ షాపు పెంపుడు జంతువుల విభాగం 1917లో తెరిస్తే 2014లో మూతపడింది.

చేపల విషయంలో మాత్రం తప్పు ఎక్కువగా షాపులదేనని నా అభిప్రాయం. బాధతోనే అంటున్నాను, ఎందుకంటే ఆ పని నాకు చాలా ఇష్టం. కొత్తవాళ్లకి ట్యాంకు, రాళ్లు, చేపలు అన్నీ ఒకే రోజు అమ్మి పంపేస్తారు. కొత్త నీళ్లలో చేప వ్యర్థం అమోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అందాకా నీళ్లు అద్దంలా కనిపిస్తూనే చేపను చంపుతాయి. చేప పోతే జనం మళ్లీ వచ్చి ఇంకోటి కొంటారు, మూడోసారి రారు. ఖాళీ ట్యాంకు అటక ఎక్కుతుంది. ఏటా ఇలా ఎంతమందిని షాపులు తమ చేతులారా పోగొట్టుకున్నాయో! ఆన్‌లైన్ రాకముందు నుంచీ ఇదే జరుగుతోంది.

నేను పనిచేసిన చోట యజమాని మంచివారు, వద్దనే హక్కు నాకిచ్చారు. గుండ్రటి గాజు గిన్నె చేతిలో పట్టుకుని గోల్డ్‌ఫిష్ అడిగినవాళ్లకి ఇచ్చేవాణ్ణి కాదు. అది సరిగ్గా పెరిగితే పదేళ్లకు పైన బతికే చేప, జానెడు దాటి పెరుగుతుంది, వ్యర్థం కూడా ఎక్కువ వదులుతుంది. ముందు ట్యాంకు తీసుకెళ్లి ఫిల్టరు నడిపించమనేవాణ్ణి. తర్వాత ఒక చిన్న సీసాలో మీ ఇంటి ట్యాంకు నీళ్లు పట్టుకురమ్మనేవాణ్ణి. టెస్ట్ ట్యూబులో చుక్కలు వేస్తే అమోనియా ఉన్న నీళ్లు ఆకుపచ్చగా మారతాయి, లేకపోతే పసుపు రంగులో ఉంటాయి. ఆ రంగు పక్కన కార్డు పెట్టి వాళ్ల చేతే చదివించేవాణ్ణి. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, మేత కూడా మా దగ్గరే కొనేవాళ్లు.

చేపను ఇచ్చే ముందు చూడాల్సినవి కొన్ని ఉంటాయి. నేను ముందు చిటికెడు మేత వేసి చూపించేవాణ్ణి. తినడానికి రాని చేపను అమ్మకూడదు. రెక్కలు ఒంటికి అతుక్కుని ఉన్నా, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నా అనుమానించాలి. ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అది వైట్ స్పాట్ అనే అంటుజబ్బు. ఆ ట్యాంకులోంచి ఒక్క చేప కూడా బయటికి వెళ్లకూడదు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాదంతా గాలి. ఇంటికెళ్లాక సంచిని ట్యాంకులో కాసేపు తేలనివ్వాలి, తర్వాత చేపను వలతో తీసి వదలాలి, సంచి నీళ్లు పారబోయాలి. ఇదంతా వీడియోల్లో దొరుకుతుందని అంటారు. దొరుకుతుంది. కానీ ఎదురుగా ఉన్న చేపకి ఏమైందో, దాన్ని తీసుకెళ్లే మనిషి ఇంట్లో నీళ్లు ఎలా ఉన్నాయో చూసి వద్దని చెప్పడానికి ఒక మనిషి ఉండాలి. షాపులు పోతున్నాయంటే నాకు దిగులు వేసేది ఈ మనిషి గురించే.

కాబట్టి ఇది నా సలహా. చేపలు ఉంచండి, రకాలు తగ్గించండి. మంచినీటి అలంకార చేపలు చాలావరకు ఫారాల్లోనే పుడతాయి. సముద్రపు చేపలు ఎక్కువగా పగడపు దిబ్బల దగ్గర పట్టినవే, వాటి జోలికి వెళ్లకండి. తాబేళ్లు అసలే వద్దు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే తాబేలును అరచేతిలో ఇమిడేంతగా ఉన్నప్పుడు కొని, పెద్దదయ్యాక చెరువులో వదిలేసేవాళ్ల వల్లే అది ఎన్నో దేశాల్లో స్థానిక తాబేళ్లకు పోటీ అయింది. చిన్న తాబేళ్ల వల్ల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకుతుందని అమెరికాలో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లోనే ఆపేశారు.

---

గాజుతొట్టి:

ఇంత వివరంగా రాసినందుకు మొప్పలు గారికి చాలా థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. సీసాలో నీళ్లు తెప్పించే పద్ధతి ఆయనకి బాగా నచ్చింది. డాక్టరు గారూ, గినీ పిగ్స్ సంగతి ఏం చేయమంటారు?

---

నాలుగుకాళ్లు:

కొత్తవి తెప్పించకండి. చిన్న వయసులో ఆడా మగా పోల్చుకోవడం కష్టం. రెండూ ఆడవేనని తీసుకెళ్లినవాళ్లు రెండు నెలలకి పిల్లలతో మా దగ్గరికి వస్తుంటారు. అవి గుంపులో బతికే జంతువులు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉంది. పైగా వాటి శరీరం విటమిన్ సి తయారు చేసుకోలేదు, మేతలోనే అందాలి. ఈ సంగతి తెలియకే చాలా జబ్బు పడతాయి.

ఖాళీ అయిన చోటుని దగ్గర్లోని షెల్టర్‌కి ఇవ్వండి. అమెరికాలో పెట్‌స్మార్ట్, పెట్‌కో లాంటి పెద్ద సంస్థలే కుక్కలను, పిల్లులను అమ్మకుండా షెల్టర్ల తరఫున దత్తత ఇప్పిస్తున్నాయి. దత్తత తీసుకున్నవాళ్లకి మేత, బెల్టు, పడక అన్నీ కావాలి. అవి మీ దగ్గరే కొంటారు. ఒక్క షరతు. టీకాలు పూర్తయి, వైద్యులు చూసిన జంతువులే షాపులోకి రావాలి, రాత్రికి షెల్టర్‌కే తిరిగి వెళ్లాలి.

---

గాజుతొట్టి:

అలాగే చేస్తానండీ. ఉన్న గినీ పిగ్స్‌ని రెండేసిగానే, ఆడవో మగవో వైద్యులకి చూపించాకే ఇస్తాను. షెల్టర్ వాళ్లతో మాట్లాడతాను. చేపల రకాలు సగానికి తగ్గిస్తున్నాం. ఇంకొక్క సందేహం. మా ట్యాంకులన్నిటికీ కలిపి ఒకటే పెద్ద ఫిల్టరు ఉంది. దేన్లో జబ్బు వచ్చినా అన్నిటికీ పాకుతోంది. విడివిడిగా పెడదామనుకుంటున్నాను. మళ్లీ నాలుగు వారాలు ఖాళీగా ఉంచాలా?

---

మొప్పలు:

అక్కర్లేదు. పాత ఫిల్టరులో స్పాంజి ఉంటుంది కదా, దాన్ని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. జబ్బు లేని సమయం చూసుకుని, ట్యాంకు నీళ్లలోనే ఒకసారి పిండి, ముక్కలుగా కోసి ఒక్కో కొత్త ఫిల్టరులో ఒక్కో ముక్క పెట్టండి. మొదటి రెండు వారాలు చేపలు తక్కువగా ఉంచి, రోజూ అమోనియా చూసుకోండి. కొత్తగా వచ్చే చేపలకి మాత్రం ఒక ట్యాంకు విడిగా, వేరే వలతో ఉంచండి. ఆ వలను పక్క ట్యాంకులో ముంచొద్దని పనివాళ్లకి గట్టిగా చెప్పండి.